పుటుక్కు చేసిన పాపమేమిటి?

ఒక పిల్లవాడు వ్యాసంలో "గాలిపటం దారం పుటుక్కున తెగింది" అని రాశాడు. 'పుటుక్కున' మీద ఎర్రగీత పడింది. పైన "అకస్మాత్తుగా" అని దిద్దారు. చూసి ఒళ్ళు మండింది. ఆ వాక్యంలో ప్రాణమున్న మాట అదొక్కటే, దాన్నే కొట్టేశారు.

అకస్మాత్తు మీద గాని, హఠాత్తు మీద గాని నాకు పగ లేదు. రెండూ సంస్కృతం నుంచి వచ్చి మన ఇంట స్థిరపడ్డవే. మొదటిదానికి అసలు అర్థం 'ఏ కారణమూ లేకుండా', రెండోదానికి 'బలవంతంగా'. ఉన్నట్టుండి జరిగిన దేనికైనా ఇప్పుడు అవి సరిపోతాయి. అందుకే ఏది తెగిందో, ఎలా తెగిందో చెప్పలేవు. పుటుక్కు చెబుతుంది. సన్నగా, బిగువుగా ఉన్నది ఒక్కచోట, ఒక్క క్షణంలో తెగాలి. దారం, పూల తొడిమ, చొక్కా గుండీ. అదే చెట్టుకొమ్మ అయితే ఫెళ్ళున విరుగుతుంది, గాజుగ్లాసు భళ్ళున పగులుతుంది, చీర పర్రున చిరుగుతుంది. చీర భళ్ళున చిరిగిందని అనండి, బడి మొహం చూడని పిల్ల కూడా నవ్వుతుంది. ఇంత కచ్చితంగా పనిచేసే మాటల్ని గ్రామ్యమనీ, ఉత్త చప్పుళ్ళనీ తీసిపారేయడం అన్యాయం.

పుటుక్కు పుట్టుక కోసం ఏ ధాతువునూ తవ్వనక్కరలేదు, తెగిన చప్పుడులోంచే పుట్టింది. అయినా చప్పుడుగానే ఉండిపోలేదు. 'న' చేరితే పుటుక్కున, 'అను' ధాతువుతో కలిస్తే పుటుక్కుమంది, వరసగా తెగుతుంటే పుటుక్కు పుటుక్కున. ఆపైన చప్పుడే లేని చోటికీ నడిచింది. నిన్నటిదాకా మన మధ్య తిరిగిన మనిషి పోతే, "పుటుక్కున పోయాడమ్మా" అంటారు. వినేవాడి గుండె జారిపోతుంది. పత్రికల్లో కనబడే "ఆకస్మిక మరణం"లో ఆ దుఃఖం ఏ మూలనా లేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త ఎం.బి. ఎమెనో, ఇలా చప్పుడులోంచి పుట్టిన భారతదేశపు ధ్వన్యనుకరణ పదాల మీద 1969లో ప్రత్యేకంగా వ్యాసం రాశారు. ద్రావిడ, ఆర్య భాషలు తరతరాలుగా కలిసి బతికాయనడానికి ఇలాంటి మాటల్ని సాక్ష్యంగా నిలబెట్టారు. అంతకు చాలా ముందే, 1852లో వెలువడిన నిఘంటువులో సి.పి. బ్రౌన్ జనం నోటి మాటలకు చోటిచ్చారు. వాళ్ళకు విలువైనవిగా తోచినవి మన తరగతి గదుల్లో తప్పులైపోయాయి.

తెలుగు చెప్పే అయ్యవార్లకు నా విన్నపం ఒకటే: ఈ మాటల్ని కొట్టేయకండి, పిల్లలచేత ఇంకా రాయించండి. నిఘంటువులు కూర్చే పెద్దలు 'ధ్వన్యనుకరణము' అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, ఏ మాట ఏ వస్తువుకు చెల్లుతుందో కూడా రాయాలి. చదువరులారా, మీ అమ్మమ్మల, నాయనమ్మల నోట ఇలాంటి మాట వినబడితే, దేని గురించి అన్నారో సహా ఈరోజే రాసి పెట్టుకోండి.