శిశుపోషణము: రెండవ కాన్పునకు ముందు పెద్దబిడ్డ మాట

ఇంట మరల ఉయ్యాల కట్టబోవుచున్నారన్న వార్త తెలియగనే పెద్దలందఱును పుట్టబోవు శిశువునకు వలయు పొత్తిగుడ్డలు, బాలింతకు వలయు పథ్యపు సామగ్రి సమకూర్చుటలో మునిగిపోవుదురు. అంతవఱకు అమ్మ యొడి తనదేయని నమ్మియున్న ఏడాదిన్నర, రెండేండ్ల బిడ్డ సంగతి తలపెట్టువా రరుదు. తీరా నొప్పులు వచ్చిన రాత్రి, "వీని నెవరు చూతురు?" అని ఇంటిల్లిపాదియు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. ఈ ప్రశ్న కాన్పునకు మూడు నెలలు ముందే తేలవలసినది.

సోదరి యొకరు మాకు వ్రాసిన యుత్తర మీ విషయమునకు సరిగా సరిపోవుచున్నది. ఆమె హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నారు. కుమారునకు 20 నెలలు నిండినవి. ఆమెకు ఇపుడు ఆఱవ నెల. "పిల్లవానిని మాయొద్దకు తెనాలికి పంపుము, పురుడు గడచిన పిమ్మట తీసికొని పోవచ్చును" అని తల్లి యనుచున్నారు. మనుమడు కండ్లయెదుట నుండవలెనని అత్తగారి కోరిక. కాని మోకాళ్ల నొప్పులచే ఆమె పరుగులెత్తు బిడ్డ వెంట తిరుగజాలరు. వీధి చివరనున్న శిశు సంరక్షణ కేంద్రమున చేర్పింతమని భర్త చెప్పుచున్నారు. "ఎవరి మాట విన్నను ఇంకొకరికి మనస్తాపము. ఏమి చేసినను బిడ్డకు ద్రోహము చేసినట్లే తోచుచున్నది" అని ఆ సోదరి వ్రాసినారు.

మొదట ఆ వయస్సు బిడ్డ స్వభావము తెలిసికొందము. ఇరువది నెలల బిడ్డకు కాలపు కొలత తెలియదు. "పదునైదు దినములలో వత్తును" అన్న మాట వానికి "ఇక రాను" అన్నట్లే. తల్లిని విడుచునపుడు కలుగు భయము ఒకటి రెండేండ్ల నడుమ బలముగా నుండి, మూడవ యేడు వచ్చుసరికి క్రమముగా తగ్గును. కాని ఆ వయస్సు బిడ్డ తల్లి నొక్కతెనే కాక మఱి యిద్దఱు ముగ్గురిని గూడ నమ్మగలడు. ఆ నమ్మకము ఒక్క దినమున పుట్టదు. దినదినము అదే చేయి అన్నము పెట్టి, అదే గొంతు జోలపాడినచో కొన్ని వారములలో కుదురును. కావున ఎవరియొద్ద నుంచవలెనన్న దానికంటె, ఆ మనిషిని బిడ్డకు ఎన్నడు అలవాటు చేయవలెనన్నదే ముఖ్యము.

అమ్మమ్మ యింటికి పంపుట మన యిండ్లలో అనాదిగా నున్న యాచారమే. అందు క్రూరత్వ మేమియు లేదు. అయినను తల్లి యొకచోట, బిడ్డ యొకచోట నుండగా శిశువు పుట్టినచో చిక్కు కలదు. రెండు నెలలకు తిరిగివచ్చిన పిల్లవాడు తన పక్కలో వేఱొకరు పండుకొనియుండుట చూచును. "నన్ను పంపివేసి దీనిని తెచ్చుకొనినారు" అని నోట చెప్పలేకున్నను వాని మనసు అట్లే తలంచును. కాన్పు పుట్టినింటనే యనుకొన్నచో తల్లియు బిడ్డయు కలిసి ముందుగా వెళ్లుట మేలు. ప్రయాణమునకు తగిన కాలము వైద్యురాలు చెప్పగలదు. అట్లు కానియెడల అమ్మమ్మగారినే కాన్పునకు మూడు నాలుగు వారములు ముందు పిలిపించుకొనుట మేలు. ఇల్లు మాఱక మనిషి వచ్చినచో బిడ్డకు భారము తక్కువ.

ఇక శిశు సంరక్షణ కేంద్రము మాట. కాన్పునకు కనీసము రెండు నెలలు ముందు చేర్పించుట, లేదా శిశువు పుట్టి రెండు మూడు నెలలు గడచిన తరువాత చేర్పించుట యుక్తము. తల్లి ఆసుపత్రిలో నున్న వారమున క్రొత్తచోట దింపుట మాత్రము తగదు. ప్రక్క మార్చుట, పాలసీసా మాన్పించుట, బయటకు వెళ్లుట నేర్పుట మొదలగు మార్పులకును ఇదే నియమము.

కేంద్రమును చూడబోవునపుడు గోడలమీది బొమ్మలు చూచి మోసపోరాదు. చెప్పకుండ మిట్టమధ్యాహ్నము వెళ్లి చూడుడు. ఏడ్చుచున్న బిడ్డ నెవరైన ఎత్తుకొనిరా? ఒక్క ఆయా చేతిలో ఎంతమంది పిల్లలున్నారు? ఆయాలు నెలకొకరు మాఱుచున్నారా? త్రాగునీరు, మరుగుదొడ్డి, మేడమెట్లకు తలుపు, వీధివాకిటికి గడియ ఎట్లున్నవి? జ్వరము వచ్చిన బిడ్డను ఇంటికి పంపుదురా? తల్లిని ఎప్పుడైనను లోనికి రానిత్తురా? లోనికి రానీయని చోట బిడ్డను విడువకుడు.

మొదటి వారము తల్లియో తండ్రియో గంటసేపు ప్రక్కనే కూర్చుండి, పిమ్మట కొంచెము కొంచెముగా దూరము కావలెను. దొడ్డిదారిన జాఱుకొనుట మన వారికి అలవాటు; అది తప్పు. "వెళ్లి, నీ నిద్ర లేచుసరికి వత్తును" అని చెప్పి వెళ్లి, ఆ మాట నిలుపుకొన్నచో ఏడ్పు వారము పది దినములలో తగ్గును.

కేంద్రమున చేరిన క్రొత్తలో పిల్లలకు జలుబు, దగ్గు తఱచుగా వచ్చును. ఇంట పసికందు ఉన్నప్పుడు ఇది చిన్నవిషయము కాదు. పెద్దబిడ్డకు 16 నుండి 24 నెలల లోపల వేయవలసిన డి.పి.టి. బలవర్ధక టీకాయు, తట్టు, రుబెల్లా రెండవ మోతాదును కాన్పునకు ముందే వేయింపుడు. పసిబిడ్డకు కోరింతదగ్గు మొదలగు వానిని వారించు తొలి టీకా 6 వారములకు గాని పడదు. అంతదనుక పెద్దవాడు బయటినుండి రాగానే చేతులు కడిగించి, గుడ్డలు మార్చుట ఆవశ్యకము.

1975 అక్టోబరు 2న ప్రారంభమైన పథకమువలన ఊరూర అంగన్‌వాడీలు వెలసినవి. కాని అందు ఆటపాటల చదువు మూడేండ్లు నిండినవారికే. అంతకు చిన్నవారికి పోషకాహారము ఇంటికిత్తురు. పనికిపోవు తల్లుల 6 నెలలు నిండిన పిల్లలను పగలెల్ల చూచుకొనుటకై "పాల్నా" యను పథకము క్రింద కొన్ని అంగన్‌వాడీలలో ఏర్పాటు కలదు. మీ వాడలో నున్నదేమో విచారింపుడు.

ఉద్యోగినులు చట్టమును తెలిసికొనుట మంచిది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 2017లో జరిగిన సవరణచే, మొదటి రెండు కాన్పులకు జీతముతో కూడిన సెలవు 26 వారములైనది. అందు 8 వారములు కాన్పునకు ముందే వాడుకొనవచ్చును. 50 మందికి తక్కువ కాక పనిచేయుచోట శిశుశాల యుండవలెననియు, తల్లి దినమునకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూడవచ్చుననియు ఆ సవరణయే విధించినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఇవి నిలుపబడినవి.

ఈ సెలవులోనే ఒక తగవు పుట్టును. "తల్లి ఇంటనే యుండగా పెద్దవానిని పరులయొద్దకు పంపుట యేమి న్యాయము?" అని చుట్టము లడుగుదురు. అలవాటుపడిన చోటును ఒక్కసారిగా మాన్పింపకుడు. పచ్చిబాలింతకు, అందును శస్త్రచికిత్సతో కాన్పు అయినచో, బరువెత్తరాదు. రాత్రులు నిద్ర యుండదు. పూటకు పరిమితముచేసి పంపినచో బిడ్డకు ఆట దొరకును, తల్లికి విశ్రాంతి దొరకును. వాడు తిరిగివచ్చిన తరువాత పావుగంట సేపైనను చంటిబిడ్డను వేఱొకరి చేతికిచ్చి, తల్లి వానితోనే యుండవలెను.

తండ్రి పాత్ర చిన్నది కాదు. స్నానము, అన్నము, రాత్రి నిద్రపుచ్చుట ఈ నెలనుండియే ఆయన చేతిమీదుగా జరిగినచో, కాన్పునాటికి బిడ్డకు లోటు తోపదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తండ్రులకు మొదటి రెండు కాన్పులలో 15 దినముల సెలవు కలదు. ఇతరులు తమ కచేరీలో ముందుగా అడుగవలెను. నొప్పులు వచ్చిన రాత్రి బిడ్డప్రక్కన పండుకొనువా రెవరో, వారు రాలేకున్న మఱి యెవరో కాగితముపై వ్రాసి గోడకు తగిలింపుడు.

ఇంకొక మాట. "చెల్లి వచ్చుచున్నది, ఇక అమ్మ నిన్నెత్తుకొనదురా" అని పెద్దలు వేడుకకు అనుచుందురు. వారికది నవ్వులాట, బిడ్డకు మాత్రము గుండెలో ముల్లు. మెల్లగా అయినను గట్టిగా అట్టి మాటలు మాన్పింపవలెను. శిశువు పుట్టిన పిదప పెద్దవాడు మరల పక్క తడుపుట, పాలకై మారాము చేయుట సహజము. దండింపక ఓర్చుకొన్నచో కొలదివారములలో సర్దుకొనును. కాని ఎంత ముద్దుచేయుచున్నను, పసికందుతో వానిని ఒంటరిగా విడువరాదు.

ఉత్తరము వ్రాసిన సోదరికి మా సలహా యిది. మీకింకను మూడు నెలల వ్యవధి యున్నది. వీధి చివర కేంద్రము పైని చెప్పిన పరీక్షకు నిలిచినచో ఈ నెలలోనే పూటబడిగా చేర్పింపుడు. మధ్యాహ్నము అన్నము తినిపించి కథ చెప్పి నిద్రపుచ్చుట అత్తగారి వంతు. అందులకు మోకాళ్లతో పనిలేదు. తొమ్మిదవ నెలలో మీ తల్లిగారిని రప్పించుకొనుడు. సెలవు ముగియునాటికి చంటిబిడ్డకును అచ్చట చోటు కలదేమో యిప్పుడే యడిగి యుంచుడు. ముగ్గురి మాటయు కొంత నెగ్గును, పిల్లవాడు తన యింటనే యుండును. ద్రోహమన్న మాట మనసునుండి తీసివేయుడు. బిడ్డను నమ్మదగిన చేతులలో పెట్టుట తల్లి చేయవలసిన పనియే గాని, తల్లి తప్పించుకొనిన పని కాదు.