ఎబ్లాలో ఉన్ని, బొల్లాపల్లిలో మిరపకాయలు

ఎక్కడ తెలుగు సభ జరిగినా ఎవరో ఒకరు లేచి 'నాగబు' అంటారు. అమరావతి రాతి మీద ఆ మాట ఉంది కాబట్టి మనది రెండువేల ఏళ్ళ భాష. తర్వాత క్రీ.శ. 575, కలమళ్ళ శాసనం. తర్వాత 2008, ప్రాచీన హోదా. చప్పట్లు. ఇంతకీ కలమళ్ళ రాతి మీద ఏం రాశారండీ అని అడిగి చూడండి. సంవత్సరం తప్ప ఇంకో ముక్క చెప్పేవాళ్ళు అరుదు.

ఈ జబ్బు మనకొక్కళ్ళకే కాదు. సిరియాలో అలెప్పోకి దక్షిణాన తెల్ మర్దిఖ్ అనే దిబ్బ ఉంది. పావొలో మత్తియే బృందం 1964 నుంచి అక్కడ తవ్వితే, 1975లో ఎబ్లా రాజభవనంలో మట్టిపలకల గది బయటపడింది. క్రీ.పూ. 2300 ప్రాంతంలో ఆ భవనం తగలబడింది. చెక్క అరలు బూడిదయ్యాయి, పలకలు మాత్రం కూలినచోటే మిగిలాయి. చిన్నాపెద్దా ముక్కలన్నీ కలిపితే పదిహేడు వేల దాకా లెక్క తేలింది. వాటిని మొదట చదివిన జొవాన్ని పెత్తినాతోకి అందులో సొదొమ, గొమొర్రా కనపడ్డాయి. ఇక చూడండి, లోకమంతా బైబిలు చేత్తో పట్టుకుని ఎబ్లా వైపు పరిగెత్తింది. సిరియా ప్రభుత్వానికేమో అది రాజకీయంగా కనపడింది. చివరికి ఆ చదువు నిలబడలేదు.

మరి పలకల్లో ఉన్నదేంటి? చాలావరకు లెక్కలు! ఏ నెలలో ఎవరికి ఎన్ని బట్టలిచ్చారు, ఎంత వెండి, ఎంత ఉన్ని, ఎన్ని గొర్రెలు, పిండి విసిరే ఆడవాళ్ళకి ఎంత బార్లీ. లిపి సుమేరు వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నారు. అరువు తెచ్చుకున్నామని సిగ్గుపడినట్టు లేదు. సుమేరు మాట పక్కన తమ సెమిటిక్ భాషలో అర్థం రాసుకున్నారు. ఇప్పటిదాకా దొరికినవాటిలో అతిపాత ద్విభాషా పదకోశాలు అవే. నేను ఆఫీసులో రోజూ చూసే లాగ్ ఫైళ్ళలాగే, వాటినీ గొప్ప కోసం ఎవరూ రాయలేదు. అందుకే నమ్మబుద్ధేస్తుంది.

'అయితే నాగబు గొప్పది కాదా?' అంటాడు ఒక మిత్రుడు. గొప్పదే. కానీ ఆ ఒక్క మాటని పట్టుకుని మా పల్నాడులో ఎవరు ఏం తిన్నారో చెప్పమనండి చూద్దాం.

మా నాయనమ్మ బొల్లాపల్లిలో మిరపకోతలకి వెళ్ళేది. ముఠా మేస్త్రి ఒక నోటుబుక్కులో రోజూ పేర్లు, కూలి డబ్బులు రాసేవాడు. చదువు రాకపోయినా తన పేరు ఏ వరసలో ఉందో ఆవిడకి తెలుసు. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి, ఆ పాత పుస్తకాలు ఉన్నాయా అని వాళ్ళింట్లో అడిగా. "పాత కాయితాలోడికి ఏసేశాం అన్నా. ఏవుందందులో, కూలోళ్ళ పేర్లేగా!" అన్నాడు ఆయన కొడుకు. అలా అన్నవాడి మీద నాకు కోపం రాలేదు. శాసనమంటే రాజు వేయించిందే అని అతనికి నేర్పింది మనమే, మన వ్యాసాలే.

అటక మీద ఒక్కటి మిగిలింది, అట్ట లేకుండా. తెచ్చుకున్నా. అందులో మగాళ్ళకి ఒక రేటు, ఆడాళ్ళకి అంతకంటే తక్కువ. ఒకచోట నాయనమ్మ పేరుకెదురుగా 'సగం రోజు' అని ఉంది. ఎందుకని అడిగితే చాలాసేపు ఆలోచించి, "మీ నాన్నకి జొరం అయ్యుంటదిరా" అంది.