మార్లవాయి మరువని ఎలిజబెత్

ఆసిఫాబాద్: పని ముగిశాక గూడెం ముఖం చూసేవారు అరుదు. బెట్టీ ఎలిజబెత్ అలా కాదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సతీమణిగా 1940వ దశకంలో జైనూరు దాపున ఉన్న మార్లవాయికి వచ్చి, గోండుల నడుమ గుడిసెలో కాపురం చేశారు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. పిల్లలకు గోండు భాషలోనే వాచకాలు తయారయ్యాయి. ముప్పై ఏళ్ల తరువాత, వయసు మీరినా, ఆమె భర్తతో తిరిగి వచ్చి పాతవారిని పలకరించారు. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఏటా జనవరి 11న ఆదివాసులు అక్కడ చేరి నివాళులర్పిస్తారు.

పూలమాలలతో ఆ రుణం తీరదు. గోండు బిడ్డకు తొలి పాఠం తల్లి భాషలో అందాలి. గూడెంలో నిలకడగా ఉండే పంతులు కావాలి. అదే ఆ తల్లికి నిజమైన నివాళి. అధికారులు ఆలోచించాలి.