నిండుగా మోగితే పాటవుతుందా?

"వెనక మ్యూజిక్ నిండుగా లేకపోతే పాట బోసిగా ఉంటుందండీ." మొన్న శ్రీరామనవమికి పాల్వంచ అవతల ఓ ఊరి పందిట్లో కమిటీ పెద్ద ఒకాయన అన్న మాట ఇది. ఏళ్ల తరబడి ఆ ఊరి భజనకు హార్మోనియం వాయించిన మనిషిని స్టేజీ కింద కూర్చోబెట్టి, అద్దెకు తెచ్చిన కీబోర్డుకు మైకు పెట్టించి మరీ అన్నాడు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఎవర్ని కదిపినా ఇప్పుడు ఇదే పాట. ఇది ఒట్టి తప్పు మాటే కాదు, రామదాసు కీర్తనకు అపచారం.

ఆ రాత్రి ఒకమ్మాయి 'పలుకే బంగారమాయెనా' ఎత్తుకుంది. ఆనందభైరవి రాగం. అందులో గాంధారం కదలకుండా ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగుతూ పలకాలి. గొంతు ఆ ఊపు అందుకునే లోపే కీబోర్డు మీద ఎడమచేతి కింద మూడు స్వరాలు ఒక్కసారిగా మోగాయి. వాటి వెంటే కీబోర్డు డబ్బాలోంచి దరువు. పల్లవి చివర ఆమె ఊపిరి తీసుకుందామని ఆగింది, డబ్బా ఆగలేదు. ఆ తర్వాత చరణమంతా పాపం దరువు వెనక పరుగే. జనం చప్పట్లు కొట్టారు. నాకు కడుపు మండిపోయింది.

పద్యనాటకాలు చూసినవాళ్లకు పక్కవాద్యం అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. నటుడు పద్యం చివరి అక్షరం మీద రాగం ఎత్తుకోగానే హార్మోనిస్టు గాలి తగ్గించేవాడు. వేలు షడ్జమం మీట మీద ఆగేది. కళ్లు నటుడి భుజాల మీద ఉండేవి, ఊపిరి ఎక్కడ విరుస్తాడో భుజమే చెబుతుంది గనక. ఆ విరుపులో రెండు సంగతులు వేసి తప్పుకునేవాడు. శ్రుతి జారుతోందనిపిస్తే అదే షడ్జమాన్ని ఒక్క పిసరు గట్టిగా వినిపించేవాడు. సభకు తెలిసేది కాదు, నటుడికి తెలిసేది. ఈ విద్య ఏ మీట నొక్కితే వస్తుంది?

హార్మోనియం మాత్రం మనదా, అదీ మీటల వాయిద్యమే కదా అని ఎదురడుగుతారు. నిజమే. అది ఐరోపా నుంచి వచ్చిందే. గమకం పలకదనే 1940లో ఆలిండియా రేడియో దాన్ని గెంటేసింది, మళ్లీ తలుపు తీయడానికి మూడు దశాబ్దాలు పట్టింది. కానీ తన వాయిద్యానికి పలకనిదేదో మన హార్మోనిస్టుకు తెలుసు. అక్కడ ఊరుకుంటాడు, గొంతుకు దారిస్తాడు. ఆ ఊరుకోవడాన్నే వీళ్లు బోసి అంటున్నారు.

పోనీ, ఆ మూడు స్వరాల గుత్తులు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఆ పడమటి దేశాల్లోనైనా ఇలా వాయిస్తారా? 1950లో జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ గెర్ష్విన్ పాటలు రికార్డు చేసినప్పుడు ఆమె పక్కన ఎల్లిస్ లార్కిన్స్ పియానో ఒక్కటే. డ్రమ్స్ లేవు, బేస్ లేదు. 1975లో గాయకుడు టోనీ బెన్నెట్ పక్కన పియానిస్టు బిల్ ఎవాన్స్ కూడా అంతే. వినండి ఒకసారి. పాడేవాళ్ల మాట నడుస్తుంటే పియానో అదే వరసను పట్టుకుని వెంటపడదు. కింద నాలుగు స్వరాలు మెత్తగా పరుస్తుంది, మాట ఆగిన సందులో చిన్న జవాబు చెబుతుంది. జాజ్ పాట ఆ గుత్తుల మీదే కట్టింది, అయినా వాళ్లకు అంత అదుపు. మన కీర్తన గుత్తుల మీద కట్టిందే కాదు. గుత్తులు తెచ్చుకుని అదుపును అక్కడే వదిలేసి వచ్చాం!

ఖర్చు తగ్గుతుందంటారు. తగ్గదు, అద్దె కట్టే కమిటీలను అడగండి. కుర్రాళ్లు కీబోర్డు ఉంటేనే వస్తారంటారు. వాళ్లకు వేరేది వినిపించిందెవరు? ఈ ప్రాంతపు అడవి అంచునే, మణుగూరు వైపు కూనవరంలో, కంచుమేళం పట్టి కోయ వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పాటకు ఏ సింథసైజర్ నిండుదనం కావలసి వచ్చింది?

రామదాసు అని మనం పిలుచుకునే గోపన్న పుట్టిన నేలకొండపల్లిలోనో, ఆయన గుడి కట్టించిన భద్రాచలంలోనో, వచ్చే రామదాసు జయంతికి ఒక్క పూట ఆ డబ్బా కట్టేయండి. గొంతు, హార్మోనియం, మృదంగం, తాళాలు చాలు. ఎవర్ని పిలవాలి, ఎలా నడపాలి అన్నది కూర్చుని తేల్చుకుందాం. కీబోర్డు వాయించే కుర్రాణ్ణీ రమ్మనండి, అతని మీద నాకే కోపం లేదు. గాయని ముందు కూర్చుని, ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో ఆ పూటంతా చూడమనండి.