అవతలి వైపు చప్పట్లు

అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనా అని ఒక ఫుట్‌బాల్ గ్రౌండుంది. మెహదీపట్నంలో మొయినాబాద్ వైపు పోయే బస్సెక్కి, లంగర్‌హౌజ్, పోలీసు అకాడమీ చౌరస్తా దాటినాక దిగాలి. లాల్ బహదూర్ స్టేడియం అంతటి జాగా కాదది. 1,500 మంది పడితే ఎక్కువ. శ్రీనిధి డెక్కన్ జట్టుకు అది సొంత గడ్డ. 2023-24 ఐ-లీగ్‌లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ అక్కడ ఆడటానికొచ్చింది. నేను పోయాను. పోయి, హైదరాబాదు జట్టు వైపు కాక కలకత్తా జట్టు వైపు కూర్చున్నాను.

ఇదీ నేను చేసిన నేరం. దీని మీదే ఈ నాలుగు మాటలు.

పెద్ద స్టేడియంలో అవతలి జట్టుకు చప్పట్లు కొట్టడం పెద్ద పని కాదు. వేలమందిలో ఎవరి అరుపు ఎవరిదో తెలియదు. చిన్న గ్రౌండు సంగతి వేరు. అక్కడ గోల్‌కీపర్ డిఫెండర్‌ను తిట్టే తిట్టు కూడా మనకు వినబడుతుంది. మనం కొట్టే చప్పట్లు కూడా అందరికీ వినబడతాయి. ఊరి జట్టు బంతి పోగొట్టుకున్నప్పుడు నీ ఒక్కడి అరచేతులు చప్పుడు చేశాయనుకో, అటువైపు నుంచి తలలు తిరుగుతాయి. ఆ క్షణాన నువ్వెవరివో, ఎటువైపువో అందరికీ తెలిసిపోతుంది. దాక్కోవడానికి చోటుండదు.

మా వైపు పట్టుమని యాభైమంది లేం. సగంమంది బెంగాల్ నుంచి బతకడానికొచ్చినవాళ్లు. ముర్షీదాబాద్, మాల్దా జిల్లాల మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, చార్‌కమాన్ దగ్గర బంగారం పని చేసుకునేవాళ్లు. నా పక్కన కూర్చున్న కంసాలి పెద్దమనిషి హిందువు. పైగా ఈస్ట్ బెంగాల్ అభిమాని. 'మహమ్మడన్ నా టీము కాదు దాదా, చిన్నప్పటినుంచి వాళ్లను తిడుతూనే పెరిగాను. కానీ మా ఊరి మాట ఒక రెండు గంటలు వినొచ్చని వచ్చాను' అన్నాడు. ఆ మాటకు నాకు కడుపు నిండినట్టయింది. పరాయి ఊళ్లో బతికేవాడికి అవతలి జట్టు కూర్చునే ఆ మూల ఎంత అవసరమో ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

నాకు బెంగాలీ రాదు. ఆ మాటకొస్తే ఉర్దూ చదవడం కూడా రాదు. నల్గొండ జిల్లాలో తెలుగు మీడియంలో చదువుకున్న సాయిబుల పిల్లవాణ్ణి. మరి మహమ్మడన్ నా జట్టెట్లా అయింది? మా అబ్బా వల్ల. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఇంటికొచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటూ కలకత్తా కథలు చెప్పేవాడు. 1891లో పుట్టిన ఆ క్లబ్బు 1934లో కలకత్తా లీగు గెలిచిందని, అంతకుముందు ఏ భారతీయ జట్టూ దాన్ని గెలవలేదని, తెల్లవాళ్ల పటాలాల జట్లను ఓడించి 1938 దాకా వరుసగా అయిదేళ్లు గెలుస్తూనే పోయిందని. ఆయన కూడా చూసినవాడు కాదు. ఎవరో చెబితే విన్నవాడే. కలకత్తా ఎట్లుంటుందో తెలియని మెకానిక్కు, కలకత్తా జట్టును కొడుకుకు ఆస్తిగా ఇచ్చిపోయాడు. మా ఇంట్లో అంతకన్నా వేరే ఆస్తి లేదు.

ఇక మా బిడ్డ సంగతి. డిగ్రీ చదువుతోంది. తనూ వచ్చింది. వచ్చి, నా దగ్గర కాదు, దోస్తులతో కలిసి శ్రీనిధి వైపు కూర్చుంది. 'నేను పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ. నాకు కలకత్తా ఏమవుతుంది అబ్బా?' అంది. సరే అన్నాను. సగం ఆటయ్యాక ఆ పిల్లలంతా సమోసాల పొట్లం పట్టుకొని మా వైపు వచ్చారు. ఒక కుర్రాడు అడిగాడు: 'అంకుల్, మీది హైదరాబాదే కదా, మరి వాళ్లకెందుకు సపోర్టు?' 'మా అబ్బా టీము బేటా' అన్నాను. 'ఓ, అట్లనా' అన్నాడు. అంతే. సమోసా చేతిలో పెట్టి పోయాడు. మళ్లీ విజిల్ మోగినాక వాళ్లు అటు అరిచారు, మేం ఇటు అరిచాం.

ఆ సీజను చివర మహమ్మడన్ మొదటి స్థానంలో, శ్రీనిధి రెండో స్థానంలో నిలిచాయి. ఇంట్లో నేను రెండు రోజులు మీసం తిప్పాను, మా బిడ్డ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆటంటే అంతవరకే.

కానీ మాకు అంతవరకే కానివ్వరు.

మ్యాచి మరునాడు ఆఫీసులో మిత్రుడొకాయన ఫోనులో నా ఫొటో చూశాడు. మెడలో నలుపు తెలుపు మఫ్లరు. 'ఏం భాయ్, హైదరాబాదులో ఉంటూ కలకత్తా వాళ్లకు చప్పట్లా?' అని, ఒక నిమిషం ఆగి, నవ్వుతూనే, 'పేరు చూసి పోయినట్టున్నావ్' అన్నాడు.

ఆ మిత్రుడి గురించి చెప్పాలి. చెన్నై క్రికెట్ జట్టు ఉప్పల్‌కొచ్చిన రోజు పసుపు చొక్కా వేసుకొని ధోనీ కోసం గొంతు పోయేదాకా అరిచినవాడు. ఆ రోజు ఉప్పల్‌లో ఎటు చూసినా పసుపే. సొంతూరి జట్టును సొంతూళ్లో కాదన్న ఆ వేలమందిని ఏమయ్యా నీ విధేయత అని ఎవరన్నా అడిగారా? ఆయన కొడుకు మాంచెస్టర్ యునైటెడ్ బనీను వేసుకొని తిరుగుతాడు. మాంచెస్టర్‌కూ మల్కాజిగిరికీ ఏం చుట్టరికమని ఎవరన్నా అడిగారా? అడగరు. అడగకూడదు కూడా. వాళ్లది సరదా. అదే పని నేను చేస్తే సాక్ష్యం.

పేరు చూసి పోయానా? ఆ పేరున్న జట్టులో ఆ ఏడు ఎవరున్నారో ఆయనకు తెలుసా? కోచ్ ఆంద్రే చెర్నిషోవ్ రష్యావాడు. ముందువరసలో గోల్స్ కొట్టే ఎడ్డీ హెర్నాండెజ్ హోండురాస్‌వాడు. డేవిడ్ లాల్‌లన్‌సంగా మిజోరం కుర్రాడు. పేరు చూసింది నేను కాదు. నా మెడలో మఫ్లరు మీద పేరు చూసింది ఆయన.

ఊరికి విధేయత గురించి మాట్లాడుతున్నారు కనుక ఇంకో సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక జట్టుండేది. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో పుట్టింది. 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచింది. 2025లో మూటాముల్లె సర్దుకొని ఢిల్లీ పోయి పేరు కూడా మార్చుకుంది. జట్టుకు జట్టే ఊరు విడిచిపోతే ఆ యజమానుల ఊరిభక్తిని ఎవరూ శంకించలేదు. అది వ్యాపారం. నేను బస్సులో పోయి రెండు గంటలు కూర్చొని ఇంటికి తిరిగొస్తే మాత్రం అనుమానం.

ఇది కొత్త పరీక్ష కాదు. 1990లో ఇంగ్లండులో నార్మన్ టెబిట్ అనే కన్జర్వేటివ్ నాయకుడు దీనికి 'క్రికెట్ పరీక్ష' అని పేరు పెట్టాడు. వలస వచ్చిన ఆసియావాళ్లు ఏ జట్టుకు చప్పట్లు కొడతారో చూస్తే వాళ్లు ఏ దేశం వాళ్లో తెలిసిపోతుందన్నాడు. ఆయన వలసవాళ్లను అడిగాడు. ఇక్కడ ఏ వలసా రాకుండా, తాతముత్తాతల గోరీలు ఇదే మట్టిలో ఉన్నవాళ్లను అడుగుతున్నారు. అడిగి ఊరుకోరు. జూన్ 2017లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో పాకిస్తాన్ గెలిచినప్పుడు మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ జిల్లా మొహద్ గ్రామంలో టపాకాయలు కాల్చారని 15 మంది ముస్లింలను అరెస్టు చేశారు. మొదట రాజద్రోహం అన్నారు, అది నిలవక వేరే సెక్షను పెట్టారు. ఫిర్యాదు చేశాడని పోలీసులు రాసుకున్న హిందూ పొరుగువాడే నేనట్లాంటి ఫిర్యాదు చేయలేదు మొర్రో అన్నాడు. 2023లో కోర్టు వాళ్లు నిర్దోషులంది. మధ్యలో పోయిన ఆరేళ్ల కూలి ఎవరిస్తారు? అక్టోబర్ 2021లో ఆగ్రాలో ముగ్గురు కశ్మీరీ విద్యార్థులను ఇదే రకం ఆరోపణ మీద జైల్లో పెట్టారు. బెయిలు దొరకడానికి 2022 మార్చి నెలాఖరు దాకా పట్టింది. అదే మ్యాచిలో ఇండియా చొక్కా వేసుకొని బౌలింగ్ చేసిన మహమ్మద్ షమీనీ వదల్లేదు. చప్పట్లు కొట్టినవాడూ ద్రోహే, ఆడి ఓడినవాడూ ద్రోహే!

ఇక్కడ మా లౌకిక మిత్రులు అడ్డం వస్తారు, మంచి మనసుతోనే. 'అట్లా కాదండీ, ముస్లింలు దేశం కోసం ఎంత చేశారో చూడండి, రహీం సాబ్ లేరా, హబీబ్ లేరా' అంటారు. ఉన్నారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానానికి తీసుకుపోయాడు. 1962లో జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం తెచ్చాడు. అప్పటికే కాన్సర్ ఆయన్ను తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు. మన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ మహమ్మడన్‌కూ మూడింటికీ ఆడాడు. దేశవిభజనలో తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన హిందూ కాందిశీకులు ఈస్ట్ బెంగాల్ గ్యాలరీలో ఈ హైదరాబాదీ ముసల్మానును 'బడే మియా' అని నెత్తిన పెట్టుకున్నారు. 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాదులోనే కన్నుమూశాడు.

ఇవన్నీ నాకు గర్వకారణమే. కానీ నేను వీళ్లను సర్టిఫికెట్లుగా చూపించను. రహీం సాబ్ పతకం తెచ్చాడు కనుక నన్ను నమ్మండి అనడమంటే, పతకం తేని మెకానిక్కు కొడుకును నమ్మొద్దని ఒప్పుకోవడమే. పరీక్షలో పాసవడం ఎట్లాగో చెప్పకండి మిత్రులారా. పరీక్ష పెట్టే హక్కు వాళ్లకెవరిచ్చారో అడగండి.

ఆ జకార్తా ఫైనల్ గురించి ఒక కథ ఉంది. ఆడినవాళ్లే చెప్పింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారతీయ అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టాడని ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. దక్షిణ కొరియాతో మ్యాచి జరుగుతుంటే స్టేడియం స్టేడియమంతా మన జట్టును గేలి చేసింది. ఆ హోరులో ఇండియా కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించినవాళ్లే. ఇండియా 2-1తో గెలిచింది. ఆ పాకిస్తానీ ఆటగాళ్లను వాళ్ల దేశం దేశద్రోహులందామా? లేక ఆటను ఆటగా చూసిన మనుషులందామా? వాళ్లకు ఏ మాట వాడతారో అదే మాట నాకూ వాడండి చాలు.

ఇప్పటిదాకా బయటివాళ్లను అడిగాను. ఇంటివాళ్లనూ అడగాలి. అజీజ్‌నగర్ పోయొచ్చిన వారానికి మా మొహల్లా పెద్దమనిషొకరు నన్ను ఆపి, 'నీ బిడ్డ గ్రౌండుకు పోయిందట. అదీ చాలక మహమ్మడన్ మీదికి అరిచిందట. ముసల్మాను పిల్లకు ఇది తగునా?' అన్నాడు. నాకు ఆఫీసు మిత్రుడు గుర్తొచ్చాడు. ఇద్దరిదీ ఒకే పరీక్ష. ఒకాయన నా ఊరు చూసి జట్టు రాసిస్తాడు, ఇంకొకాయన నా బిడ్డ మతం చూసి జట్టు రాసిస్తాడు. ఆ క్లబ్బు తెల్లవాడి మీద గెలిస్తే ముస్లింలు గర్వపడ్డారు, నిజమే. ఆ గర్వాన్ని జెండా చేసి మనుషుల్ని విడగొట్టాలని చూసినవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే. ఆ రోజు మా వైపు కూర్చున్న యాభైమందిలో ఒక్క ఆడమనిషి లేదు. అది ఎవరి తప్పు? ఆఫీసు మిత్రుడిది కాదు. మనదే. మన ఇంట్లో మన ఆడపిల్లలకు అవతలి వైపు జాగా ఇవ్వనివాళ్లం, దేశాన్ని జాగా అడగడానికి ఏ మొహం పెట్టుకొని పోతాం? పెద్దాయనకు ఇదే చెప్పాను. ఆయన ఇప్పటికీ నా సలాముకు జవాబివ్వడం లేదు.

చివరగా ఒక్క మాట. మా బిడ్డ దోస్తూ అడిగాడు, ఆఫీసు మిత్రుడూ అడిగాడు. 'వాళ్లకెందుకు సపోర్టు?' అనే ప్రశ్నే ఇద్దరిదీ. ఒకడు తెలుసుకోవడానికి అడిగాడు. జవాబు విని సమోసా ఇచ్చి పోయాడు. ఇంకొకడు తేల్చడానికి అడిగాడు. జవాబు ఆయన దగ్గర ముందే ఉంది. తెలుసుకోవడానికి అడిగితే మా అబ్బా కథ, గ్రీజు చేతుల కథ, 1934 కథ ఎన్ని గంటలైనా చెబుతాను, చాయ్ కూడా నేనే తాగిస్తాను. తేల్చడానికి అడిగితే ఒక్క ముక్క కూడా చెప్పను.

మహమ్మడన్ మళ్లీ మా ఊరొస్తే మళ్లీ పోతాను. అవతలి వైపే కూర్చుంటాను. ఇవతలి వైపు మా బిడ్డ ఉంటుంది.