కర్త కాళ్ళకు చెప్పులుండాలి

మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో శవం లేచిందంటే, పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని కర్త నడుస్తాడు. ఒంటిమీద తడిబట్టలు, కాళ్ళకు ఏమీ ఉండవు. ఎండ 44 డిగ్రీలున్న రోజున తారురోడ్డు 60 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడికి అరికాలు బొబ్బలెక్కడానికి కొన్ని సెకన్లు చాలు. వల్లకాడేమో ఊరి బయట. పాడె మోసేవాళ్ళు, దగ్గరి బంధువులు కూడా చాలాచోట్ల ఉత్తకాళ్ళతోనే నడుస్తారు. ఎవరైనా చెప్పులు విడవకపోతే "పోయిన మనిషి మీద ఆమాత్రం గౌరవం లేదా?" అని మొహాన్నే అడిగేస్తారు.

గౌరవానికీ అరికాలికీ ముడిపెట్టిన ఈ మాటను మనం ఒప్పుకోకూడదు.

చెప్పులు ఎందుకు విడవాలని పెద్దల్ని అడిగితే మొదట వినిపించేది మైల. చచ్చిన పశువు తోలు గనక అశుచి అంటారు. మరి శవం ముందు మోగే డప్పుది తోలే. గుడిలో వాయించే మృదంగానిదీ తోలే. చేతికి అంటని మైల కాలికి మాత్రం ఎలా అంటుతుంది? అసలు ఈ మైల భావం తోలుపని చేసే మనుషుల్ని ఊరవతల ఉంచిన కులవ్యవస్థతో కలిసి పెరిగింది. పెద్దకులాల వీధిలోకి వస్తే దళితుడు చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన రోజులు మన పల్లెల్లో చాలాకాలం సాగాయి. ఆ అవమానానికి కూడా గౌరవమనే పేరు పెట్టారు. ఇవాళ మనలో ఎక్కువమంది తొడిగేవి రబ్బరు, రెగ్జిన్ చెప్పులే. తోలు పోయినా నిషేధం మిగిలింది.

రెండో సమాధానం శాస్త్రం. అయితే శాస్త్రాన్నే చూద్దాం. గరుడపురాణం చెప్పిన దానాల్లో గొడుగూ చెప్పులూ ఉన్నాయి. యమలోకానికి పోయే దారి నిప్పులు చెరుగుతుందనీ, ముళ్ళతో నిండి ఉంటుందనీ, ఇక్కడ బ్రాహ్మణుడికి చెప్పులు దానమిస్తే అక్కడ ప్రేతానికి అవి ఆసరా అవుతాయనీ నమ్మకం. అంటే కాలే దారిలో నడవాలంటే కాళ్ళకు చెప్పులు కావాలన్న సంగతి ఆ పురాణం రాసినవాళ్ళకూ తెలుసు. చితిలో బూడిదైన కాళ్ళకు కర్మలనాడు కొత్త చెప్పులు సమకూర్చే మనం, బతికున్న కొడుకును తారురోడ్డు మీద ఉత్తకాళ్ళతో నడిపిస్తున్నాం. ఇక్కడ ఒకరు తిన్నది ఎక్కడో ఉన్నవాడి కడుపు నింపితే, ఊరెళ్ళేవాడికి దారిబత్తెం కట్టనక్కర్లేదు కదా అని వాల్మీకి రామాయణంలో జాబాలి అనే బ్రాహ్మణుడు శ్రాద్ధాల గురించి రాముణ్ణి అడుగుతాడు. చెప్పుల దానానికీ అదే ప్రశ్న వర్తిస్తుంది.

వీరమరణం పొందిన సైనికుడికి తోటి సైనికులు బూట్లతోనే తుపాకులు దించి వందనం చేస్తారు. దాన్ని అగౌరవమని ఎవరూ అనరు. క్రైస్తవ కుటుంబాలు సమాధి చుట్టూ చెప్పులతో, బూట్లతో నిలబడి ప్రార్థిస్తాయి. వాళ్ళ దుఃఖం మనకన్నా తక్కువా?

ఇది కేవలం సౌకర్యం గొడవ అనుకోవద్దు. తండ్రి ఎనభై ఏళ్ళకు పోతే, కర్తగా నిలబడే పెద్దకొడుక్కి యాభై దాటి ఉంటాయి. ఆ వయసులో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి. షుగరు ముదిరితే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. కాలుతున్నా తెలియదు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. రాత్రి కాళ్ళు కడుక్కునేటప్పుడు బొబ్బ కనిపిస్తుంది. కర్మల హడావుడిలో దాన్నెవరూ పట్టించుకోరు. పుండు పడుతుంది, చీము పడుతుంది, కొందరికి వేలు తీసేసేదాకా వస్తుంది. వల్లకాట్లో సీసాపెంకులు, తుమ్మముళ్ళు, పాత చితుల మేకులు ఉంటాయి. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మక్రిములు మట్టిలోనే కాచుకుని ఉంటాయి.

అందుకని ఏం వేసుకోవాలో కూడా చెబుతాను. మందపాటి అడుగు, మడమ వెనక పట్టీ ఉన్న మామూలు శాండల్స్ చాలు. రంగు, మెరుపు లేనివైతే ఎవరి కంటికీ ఇబ్బంది ఉండదు. హవాయి చెప్పులు స్నానాల రేవు దగ్గర జారతాయి, పాడె భుజాన ఉన్నప్పుడు మరీ ప్రమాదం. చితికి దగ్గరగా వెళ్ళేవాళ్ళు పలచటి ప్లాస్టిక్ చెప్పులు వేసుకోకూడదు, వేడికి మెత్తబడతాయి. షుగరున్నవాళ్ళు రోజూ వాడే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు అడుగున్న) చెప్పులే తొడగాలి, ఇంటికొచ్చాక ఎవరిచేతనైనా అరికాళ్ళు చూపించుకోవాలి. కొత్త చెప్పులు ఆ రోజే మొదలెట్టొద్దు, కరుస్తాయి.

తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న కొడుకు ఈ ఆచారంతో తగువు పెట్టుకోలేడు. చుట్టూ ఉన్న కళ్ళకు భయపడి చెప్పులు విడుస్తాడు. కాబట్టి ఆ మాట ముందుగా రావలసింది పెద్దల నోటి నుంచి. మేనమామలూ, బాబాయిలూ, పెదనాన్నలూ, పాడె కట్టేటప్పుడే "చెప్పులేసుకో నాయనా, రోడ్డు కాలిపోతోంది" అని చెప్పండి. మీ చెప్పులు మీరూ విడవకండి. మీరు పోయాక మీ పిల్లలెవరూ ఉత్తకాళ్ళతో నడవొద్దని ఇంట్లోవాళ్ళకు ఇవాళే చెప్పి ఉంచండి.