తెలిసిన జవాబు, విప్పని నోరు

తరగతిలో అధ్యాపకులు ప్రశ్న వేస్తారు. జవాబు తెలిసిన విద్యార్థి తల వంచుకొని కూర్చుంటాడు. పాఠం రాలేదని వారు తలుస్తారు. అది వారి దోషం కాదు. కాని ఇంటర్మీడియట్ వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఆంగ్లంలో నోరు విప్పవలసి వచ్చిన మాలో అనేకులకు ఆ మౌనం అజ్ఞానం కాదు. ఒక క్రియాపదం తప్పితే వెనుక బల్లల నుండి వినవచ్చే నవ్వుకు జంకు. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన మిత్రుల అవస్థ కూడా ఇంతే. ఈ విషయంలో మా రెండు భాషల వారికీ భేదం లేదు.

భయం ఉంటేనే చదువు అబ్బుతుందని పెద్దల నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. 1908లో యర్క్స్, డాడ్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు చిట్టెలుకలకు తెల్ల పెట్టెను, నల్ల పెట్టెను వేరుగా గుర్తించడం నేర్పుతూ, తప్పినప్పుడల్లా విద్యుత్తు తగిలించారు. భేదం స్పష్టంగా ఉన్నప్పుడు, దెబ్బ తీవ్రమైన కొద్దీ అవి త్వరగా నేర్చుకున్నాయి. వెలుతురు తగ్గించి భేదాన్ని సూక్ష్మం చేసినప్పుడు మాత్రం, తీవ్రత ఒక మోతాదు మించగానే నేర్పు మందగించింది. మనుషులు ఎలుకలు కారు, నిజమే. అయినా ఎక్కాలు వల్లె వేయించిన బెత్తం బీజగణితం దగ్గర ఎందుకు విఫలమవుతుందో ఆ ప్రయోగం కొంత సూచిస్తున్నది.

మనస్సు ఏకకాలంలో పట్టి ఉంచగలిగే విషయాలు బహు కొద్ది. లెక్క సాగుతున్నంతసేపూ మధ్య అంకెలు అక్కడే నిలవాలి. ‘తప్పితే ఏమంటారో’ అన్న చింత ఆ చోటును ఆక్రమిస్తే అంకెలు జారిపోతాయి. పరీక్ష హాలులో ఎంతకూ తట్టని సూత్రం మెట్లు దిగగానే స్ఫురించడం మా అందరికీ అనుభవమే.

అలాగని పరీక్షలు వద్దని మేము కోరడం లేదు. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన వారికంటే, పుస్తకం మూసి జ్ఞాపకం నుండి వ్రాసిన వారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నదని చూపారు. మాకు ముల్లుగా ఉన్నది పరీక్ష కాదు, యూనిట్ పరీక్ష మార్కులను తరగతిలో బిగ్గరగా చదివే ఆచారం. ఆ అవమానంతో పట్టుదల పెంచుకున్న వారు ఉండవచ్చు. మరునాటి నుండి తరగతికి ముఖం చాటేసిన వారి ఊసు ఎవరూ ఎత్తరు.

కనుక కార్యవర్గం వారికి మా మనవి: మార్కులను ఎవరివి వారికే తెలియజేయాలి. వారానికొకసారి పది నిమిషాలు, మార్కులు లేని పరీక్ష పెట్టించాలి. మొదటి సంవత్సరం వారిని అందులో తమకు వచ్చిన భాషలో వ్రాయనివ్వాలి. ఇందుకు ఖర్చు ఏమీ లేదు.

ఇక వెనుక బల్లల నవ్వు. దానిని కార్యవర్గం తీర్మానం చేసి ఆపలేదు. ఆ బల్లల మీద కూర్చున్నది మేమే.